గోడవైపు తిరిగిన పూట

చెప్పేది నేను, రాసేది సుశీల. నాకు పేరు రాయడం వరకే వచ్చు. అందులోనూ మొదటి అక్షరం బాగా పడుతుంది, మిగతావి వాటి ఇష్టం. మా వీధి కోడలు ఈ సుశీలకు ఆడ వార్డరు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికి వచ్చినప్పటినుంచి "మునెమ్మత్తా, ఆ పని ఎట్లుంటాది చెప్పు" అని నా ప్రాణం తీస్తోంది. తాళం ఎట్లా వేయాలో, సలాము ఎట్లా కొట్టాలో వాళ్ళే నేర్పిస్తారు. వాళ్ళు నేర్పనిది నేను చెప్తాను. అయితే ముందే అంటున్నాను, ఇదంతా విన్నాక ఏం చేయాలో తేలుతుందని అనుకోవద్దు. నాకే తేలలేదు.

తాళంచెవి

మా ఆయన జైలు వార్డరు. జ్వరం వచ్చి పోయాడు. నన్ను చూసి జాలిపడి ఆడవాళ్ళ గదికి కావలి పని ఇచ్చారు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి, మూడు చోట్లా తిప్పారు. ఇప్పుడు చెప్పబోయేది ఏ ఊరి జైలులో జరిగిందో మాత్రం చెప్పను. ఆ మనుషుల పిల్లలు ఇంకా ఈ నేల మీదే తిరుగుతున్నారు.

ఆ రోజుల్లో తాలూకా జైలంటే పెద్ద కట్టడమేమీ కాదు. కచేరి, అంటే తాలూకా ఆఫీసు, దాని వెనక మూడు గదులు, ఒక వాకిలి, ఒక నీళ్ళ తొట్టి. కేసు పెద్ద కోర్టుకు పోయేదాకా మనుషుల్ని అక్కడ పెట్టేవారు. ఇప్పుడు తహశీల్దారు అంటున్నామే, అప్పుడు అమల్దారు అనేవారు, జైలుకు కూడా ఆయనే పెద్ద. ఆయన కింద, కావలివాళ్ళమీద దఫేదారు హుసేన్ సాబు. ఆయన కింద నేను. నా కింద ఎవరూ లేరు.

నా మొదటి ఖైదీ సారాయి కాచిన ముసలామె. ఆమెను లోపల పెట్టి, తలుపు వేసి, గడియ పెట్టి చూసుకుంటే తాళంచెవి లేదు. వెతికినప్పుడు ఆమె కొంగు విదిలించానే, అప్పుడు నా చేతిలోంచి జారి లోపలే పడింది. ముసలామె దాన్ని తీసి కడ్డీల సందులోంచి ఇచ్చింది. "తీసుకో తల్లీ. నేను యాడికీ పోను, కాళ్ళు నొప్పులు. నీ ఉద్యోగం పోతే మళ్ళీ ఇంకొకతె వచ్చి నా కొప్పు విప్పతాది" అంది.

లోపలివాళ్ళు వేరే జాతి మనుషులు కారని నాకు తెలిసింది ఆ రోజే. అయినా, వెతకడం మానవద్దు సుశీలా. కొప్పు విప్పి చూడు, చీర మడతలు చూడు. చూశాక క్షమించమని అడగొద్దు, అది వాళ్ళకు ఇంకా కష్టం. "అన్నం తిన్నావా" అని అడుగు, చాలు.

పెద్దల సంగతి కూడా ఒక మాట. అరిచే అధికారి చెడ్డవాడు కాడు, అరిచాక మరిచిపోతాడు. మెల్లగా మాట్లాడి మనమీద వదిలేసేవాడు ఉంటాడే, వాడితోనే కష్టం. మా అమల్దారు రెండో రకం.

జొన్న చేను

ఆ తాలూకాలోనే ఒక పల్లెలో చౌడమ్మ అని పెద్దామె. ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు నారాయణప్ప, వాడి పెళ్ళాం రత్నమ్మ. కూతురు నరసమ్మను అదే ఊళ్ళో ఇచ్చారు. పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద నరసమ్మకు ఒక చెక్క పొలం రాసిచ్చారు. బావికి దగ్గర నేల. దానిమీద అన్నకు కన్ను ఉందని ఊరంతా అనేది.

అయితే దానికీ ఒక దారి చూసుకున్నారు. రత్నమ్మకు మగబిడ్డ పుట్టాడు. అప్పుడు నరసమ్మ నెలలు నిండి ఉంది. తొట్లలో వేసేనాడు అందరి ముందరా అన్నతో అందట, "నాకు ఆడపిల్ల పుడితే నీ కొడుక్కే ఇస్తా. చెక్క దాని వెనకే నీ ఇంటికి వస్తాది" అని. అట్లాగే ఆడపిల్ల పుట్టింది. అంటే ఆ నేల ఎటూ ఆ ఇంటికే వస్తుంది. ఇరవై ఏళ్ళు ఆగితే చాలు.

ఆగలేదు. నరసమ్మ బాలింతగా ఉండగానే, ఆ చెక్కలోని జొన్న కోయడానికి నారాయణప్ప కొడవలి తీసుకుని దిగాడు. తనకే రాబోయే నేలలో పంట దొంగలాగా ఎందుకు కోశాడో, నేను ఎంతమందిని అడిగినా ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నానికి ఆ చేనులోనే పడి ఉన్నాడు, తల వెనక దెబ్బ.

రత్నమ్మ మొగుడికి సంగటి తీసుకుని పోతూ దూరంనుంచి చూసింది. జొన్న మనిషెత్తు ఉంది. పైన ఒక తెల్ల తలగుడ్డ మాత్రం కనపడి, గట్టు దాటి పోయింది. బాలింత తలకు గుడ్డ కడుతుంది కదా. "మా ఆడబిడ్డే" అని పోలీసులకు చెప్పింది. తలగుడ్డ నరసమ్మ మొగుడికీ ఉంది. అతను ఆ రోజే ఊళ్ళో లేకుండా పోయాడు. ఇంతలో పోలీసుల ముందు నరసమ్మే "నేనే కొట్టినా" అంది. బిడ్డను చంకన వేసుకుని మా దగ్గరికి వచ్చింది.

హుసేన్ సాబుకు ఆ లెక్క కుదరలేదు. ఆయన నాతో అన్నాడు, "బిడ్డను కని నెల దాటింది అంతే. ఈ చేతులతో కట్టె ఎత్తి అంత మనిషిని పడగొట్టిందా? మొగుణ్ణి కాపాడతాండాది చూడు."

"అయితే అన్నను చంపినోణ్ణి కాపాడతాండాదా?" అన్నాను.

ఆయన గడ్డం గోక్కుని, "అది కూడా కుదరదు" అన్నాడు.

నరసమ్మ మాతో ఆ సంగతి ఎత్తేది కాదు. నీళ్ళు కావాలంటే నీళ్ళు, బిడ్డకు గుడ్డ కావాలంటే గుడ్డ. అన్నీ ఒకే గొంతుతో, ఎత్తకుండా దించకుండా అడిగేది. నేను చూసినవాళ్ళలో ఏడ్చేవాళ్ళున్నారు, తిట్టేవాళ్ళున్నారు. ఈమెను ఏ పక్క పెట్టాలో నాకు తెలియలేదు.

ఒక్క మనిషి చస్తే ఎంతమందికి తగులుతుందో ఊళ్ళోంచి వచ్చినవాళ్ళు చెప్పేవారు. నెత్తురు గుడ్డలు ఉతికాడని చాకలాయన్ని సాక్ష్యానికి పిలిచారు. పిలిచిన ప్రతిసారీ ఊరి గుడ్డలు ఆగిపోయి, తిట్లు పడలేక అతను సంసారం ఎత్తుకుని పోయాడు. ఆ బావిలో నీళ్ళు తోడడం మానేశారు. రత్నమ్మ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. పలకరిస్తే సాక్ష్యం రాస్తారేమో అని భయం. ఇవన్నీ దూరం సంగతులు అనుకున్నాను, గేటు ముందర బండి నిలిచేదాకా.

గూడు బండి

పొద్దున వాకిలి ఊడుస్తున్నాను. గేటు బయట ఒక గూడు బండి వచ్చి ఆగింది. దాంట్లోంచి చౌడమ్మ దిగింది, చేతిలో గుడ్డ మూట. దగ్గరికొస్తే మూట కాదు, బిడ్డ. రత్నమ్మ కొడుకు. మూడు నెలల బిడ్డ అంటే ఎవరూ నమ్మరు, అంత చిక్కిపోయాడు. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

మొగుడు పోయిన గుండెదెబ్బకు రత్నమ్మకు పాలు ఎండిపోయాయి. ఆవుపాలు పోస్తే కక్కేశాడు, మేకపాలు పోస్తే విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్ళో పాలిచ్చే తల్లులు ముగ్గురు నలుగురు ఉన్నారు, ఒక్కతె కూడా ఆ గడప తొక్కదు.

చౌడమ్మ నా చేయి పట్టుకుని చెప్పింది, "లోపల నా కూతురికి పాలుండాయి. ఒక పూట పట్టిస్తే చాలు తల్లీ."

కొడుకును చంపిందని కూతుర్ని లోపల వేస్తే, ఆ కొడుకు బిడ్డను ఆ కూతురి ఒడిలో పెట్టమంటోంది. అడిగేశాను, "పెద్దమ్మా, నీ మనసులో ఏముండాది? మీ నరసమ్మ కొట్టిందనా, కొట్టలేదనా?"

"నాకు తెల్దు. కొట్టినా నా కూతురే, కొట్టకపోయినా నా కూతురే. పోయినోడు నా కొడుకే. ఇది తెగేది కాదులే. ఈ పాలు తాగితే వీడు దాని బిడ్డకు అన్నయిపోతాడు. ఒక రొమ్ము తాగినోళ్ళకు మేనరికం యాడిది? చెక్క కోసరం వాడు పోయినాడు, ఆ చెక్క ఇంక ఈ ఇంటికి వచ్చేది లేదు. పోనీ. వీడు మిగిలితే చాలు" అంది.

వీడి తల్లికి తెలుసా అని అడిగితే బండి వైపు చూపించింది. నేను పోయి గూడు లోపలికి తొంగిచూశాను. మొగుడు పోయిన ఆడది నెలల తరబడి వాకిలి దాటకూడదు. అయినా రత్నమ్మ వచ్చి, దిగకుండా ఆ మూల ముసుగేసుకుని కూర్చుని ఉంది. ముసుగు తీయకుండానే మాట్లాడింది.

"నా మొగుణ్ణి ఆయమ్మే తినింది అనుకుంటాండా. బిడ్డ గూడా ఆడ పోతే ఇద్దర్నీ ఆయమ్మే తినింది అనుకుంటా. బతికితే ఏమనుకోవల్లో నాకు తెల్దమ్మా. తీసకపో."

గోడ

అమల్దారు దగ్గరికి హుసేన్ సాబే పోయాడు. అమల్దారు కచేరిలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, గుడి పూజ చేసుకునే వంశం. సంగతంతా విని నన్ను పిలిపించాడు.

"ఇట్లాంటిదానికి రూలు లేదు. వద్దనడానికీ రూలు లేదు. పాలు పట్టించు. ఆమె చేతులమీదనుంచి మాత్రం కన్ను తీయొద్దు. ఏమైనా అయితే జవాబు చెప్పాల్సింది నువ్వే" అన్నాడు మెల్లగా. చూశావా, మెల్లగా మాట్లాడేవాళ్ళు ఇట్లా చేస్తారు.

బయటికి వచ్చాక హుసేన్ సాబు నా చెవిలో అన్నాడు, "బిడ్డ గొంతు నొక్కితే ఒక్క చిటికెలో అయిపోతాది. రెప్ప కొట్టొద్దు మునెమ్మా."

బిడ్డను తీసుకుని లోపలికి పోయాను. నరసమ్మ తన పిల్లను పక్కన పడుకోబెట్టి కూర్చుని ఉంది. ఎవరి బిడ్డో చెప్పనక్కరలేదు, చూడగానే తెలిసింది ఆమెకు. ఒకే మాట అడిగింది, "వదిన ఒప్పిండాదా?" బండిలో కూర్చుని ఉందని చెప్పాను. చేతులు చాపింది.

నేను ఎదురుగా కూర్చున్నాను, ఆమె చేతులమీద కన్ను పెట్టి. బిడ్డ నోరు పెట్టలేదు. మళ్ళీ పెట్టించింది, తల తిప్పేశాడు. ఆమె చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంతలో ఆమె పిల్ల లేచి ఏడుపు మొదలు పెట్టింది, ఆ ఏడుపుకు వీడు ఇంకా బెదిరాడు.

"అట్ల చూడొద్దు మునెమ్మా. నువ్వు చూస్తే నాకు పాలు దిగేదిల్లే, వాడు తాగేదిల్లే" అంది.

మన ఇళ్ళలో పాలిచ్చే తల్లిని ఎవరు చూస్తారు? అత్త కూడా పక్కకు తిరుగుతుంది. పాలు తాగే బిడ్డమీద కన్ను పడకూడదని మనకు చిన్నప్పటినుంచీ ఒంట్లో ఉంది. అటు అమల్దారు మాట, ఇటు ఎండిపోతున్న బిడ్డ. చూస్తే తాగడు. చూడకపోతే ఏమవుతుందో తెలియదు. ఆలోచించాను అని చెప్పుకోను. ఏడుస్తున్న ఆమె పిల్లను ఎత్తుకుని గోడవైపు తిరిగాను.

ఆ గోడ ఇప్పటికీ నాకు గుర్తుంది. సున్నం పెచ్చులు లేచి, ఒకచోట మేకపిల్ల ఆకారంలో ఊడిపోయి ఉంది. భుజంమీద పిల్లను తడుతూ ఆ మేకపిల్లనే చూస్తూ నిలబడ్డాను. వెనక చప్పుడు లేదు. తిరుగుదామని మెడ కదిలించేలోపల గుటక వినపడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఆగకుండా.

అప్పుడు నరసమ్మ వాడితో అంది, "మీ నాయన నోరే నీది." అంతే.

నేను తిరగలేదు. తాగి వాడు నిద్రపోయేదాకా తిరగలేదు.

బిడ్డను తీసుకుపోయి గూడు బండిలో ఇస్తే, రత్నమ్మ వాడి మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. పాల వాసన. ముసుగులోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపో ఇంకొకటో నాకు తెలియలేదు.

అత్తా కోడలూ జైలున్న ఊళ్ళోనే తెలిసినవాళ్ళ వసారాలో దిగి, పొద్దున సాయంత్రం బిడ్డను పంపించేవారు. చౌడమ్మ తెచ్చేది, నేను లోపలికి తీసుకుపోయేదాన్ని, గోడవైపు తిరిగేదాన్ని. అమల్దారు అడిగితే "చూస్తాండాను స్వామీ" అనేదాన్ని. వాడి బుగ్గలు నిండాయి. వదినా ఆడబిడ్డా ఒకరినొకరు చూసుకున్నది లేదు, ఒక మాట పంపుకున్నది లేదు. ఒక్కసారి మాత్రం రత్నమ్మ ఒక చిన్న గుడ్డ పంపింది, మెత్తగా ఉతికినది. కొడుక్కనుకుని నేను తెచ్చాను. "మూడు మూలలు కుట్టుండాది, మా ఊళ్ళో ఇట్ల ఆడపిల్లకే కడతారు. నా పిల్లకే" అని నరసమ్మ తీసుకుంది.

సుశీల కలం ఆపి అడుగుతోంది, "అయితే అత్తా, రేపు నాకు ఇట్లాంటిది వస్తే చూడల్లా, తిరగల్లా?" అని. ఏం చెప్పేది? బిడ్డ బతికాడు కాబట్టి తిరిగింది మంచిదే అంటావు. వేరే చేయి అయి ఉంటే? రాయి రాయి, నాకు తెలియదని రాయి.

కోలారు

తర్వాత నరసమ్మను కోలారుకు పంపారు, కేసు అక్కడ నడిచింది. అప్పటికి వాడు గంజినీళ్ళు పట్టుకున్నాడు, గండం దాటాడు.

నేను పోలేదు. హుసేన్ సాబు పోయి వచ్చి చెప్పాడు. వకీలు రత్నమ్మను అడిగాడట, చేనులోంచి పోయిన మనిషి మొగం చూశావా అని. "తలగుడ్డ చూసినా. మొగం చూడలే" అందట. ఆడదా మొగవాడా అంటే, జొన్న అడ్డం ఉందని అందట. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదట. నరసమ్మను వదిలేశారు.

ఊళ్ళో రెండు మాటలు పుట్టాయి. పాలకు లొంగి రత్నమ్మ కోర్టులో అబద్ధం చెప్పిందని సగం మంది. మొదట చెప్పిందే అబద్ధం, కోర్టులో నిజం చెప్పిందని సగం మంది. నేను రెండూ విన్నాను. ఒకరి మాట వింటే వాళ్ళదే నిజమనిపించేది, ఇంకొకరి మాట వినేదాకా.

నరసమ్మ మళ్ళీ ఆ ఊరు తొక్కలేదు. మొగుడు ఎక్కడినుంచో తేలాడు. ఇద్దరూ పిల్లను తీసుకుని గౌరిబిదనూరు పక్క హొసూరుకు కూలికి పోయారని విన్నాను. ఆ చెక్క బీడు పడిపోయింది. ఆమె దున్నదు, వీళ్ళు దున్నరు. చౌడమ్మ బతికినన్నాళ్ళు కొన్ని నెలలు ఇక్కడ కోడలి దగ్గర, కొన్ని నెలలు అక్కడ కూతురి దగ్గర ఉండేదట. ఇక్కడి సంగతి అక్కడ ఎత్తేది కాదట.

పేరేసంద్ర

చాలా ఏళ్ళకు నేను బాగేపల్లి నుంచి బస్సులో వస్తున్నాను. పేరేసంద్రలో ఆపారు. టీ అంగడి బెంచీమీద ఒక ఆమె, పక్కన శెనక్కాయల గోనె. నేను గుర్తు పట్టలేదు, ముసుగు లేని మొగం నేనెప్పుడూ చూడలేదు కదా. గొంతు వినగానే తెలిసింది.

"మునెమ్మ గదా?"

"రత్నమ్మా. బిడ్డ ఎట్లుండాడు?"

"పొడుగైనాడు. ఇస్కూలుకు పోతాండాడు." నాకు చోటిచ్చి, టీ ఇమ్మని చెప్పింది. గోనె మూతి ముడి విప్పుతూ, కడుతూ చెప్పింది. ఇస్కూల్లో పిల్లలు వాణ్ణి ఏడిపిస్తున్నారట, మీ నాయన్ని చంపినామె పాలు తాగినోడివి అని. వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదట. తర్వాత ఎదురుగా నిలబడి అడిగాడట, అత్త చంపిందా లేదా, ఒక మాట చెప్పు అని.

"నేనేం చెప్పేది? చంపిందంటే వాడు వాడి ఒంటినే ఏవగించుకుంటాడు. చంపలేదంటే, నాయన్ని చంపినోడు ఎవురని మళ్ళీ అడుగుతాడు. నేను చూసింది ఒక తలగుడ్డ." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు ఆడ్నే ఉంటివి. దగ్గర్నించి చూసింటావు. నా బిడ్డను ఒళ్ళో పెట్టుకున్నప్పుడు ఆయమ్మ మొగం ఎట్లుండె? అది చెప్పు చాలు. నాకు తెలిసిపోతాది. వాడికి అదే చెప్తా."

అబద్ధం నోటిదాకా వచ్చింది. కన్నీళ్ళు కారుస్తూ ఇచ్చింది అనొచ్చు, ఒక ఇల్లు బాగుపడుతుంది. కానీ అది నిజంగా కొట్టిన చేయి అయితే? ఒక మొగానికి రంగు పూసే హక్కు నాకెక్కడిది?

"నేను గోడ పక్క తిరిగుంటి రత్నమ్మా. నేను చూస్తా ఉంటే వాడు తాగలేదు."

టీ అట్లాగే పట్టుకుని కూర్చుంది. "నువ్వు గూడా చూడలేదా" అంది.

"ఒక మాట వింటి. మీ నాయన నోరే నీది, అనింది వాడితో."

"ఎట్ల అనింది? ఏడ్చి అనిందా, పండ్లు కొరికి అనిందా?"

"ఇంట్లో ఉప్పు అయిపోయిండాది అన్నట్ల అనింది."

రత్నమ్మ మొగంలో ఏదో కదిలింది. "ఆయమ్మ ఎప్పుడూ అంతే. పెండ్లిలోనూ అదే గొంతు, చావులోనూ అదే గొంతు. అన్న మీద ప్రాణం పెట్టుకునుండె, అదీ ఆ గొంతుతోనే చెప్పేది" అంది.

నా బస్సువాడు హారన్ కొట్టాడు. నేను లేచాను. ఆమె కూర్చునే నా చీర అంచు పట్టుకుంది, ఏదో తోచినట్టు.

"మునెమ్మా, పాలు తాగే బిడ్డ యాడ చూస్తాడు?"

"పాలిచ్చే ఆయమ్మ మొగం చూస్తాడు" అన్నాను. అందరికీ తెలిసిందే కదా.

"అయితే చూసినోడు వాడొక్కడే" అంది రత్నమ్మ. "వాడే వచ్చి నన్ను అడుగుతాండాడు."

అంచు వదిలేసింది. నేను పోయి బస్సెక్కాను.